పంటి బిగువున నిలిచిన కోపము

మన తెలుగు నుడికారమున కోపమునకు పండ్లతోను దవడలతోను గల సంబంధము మిక్కిలి దగ్గరిది. ఒకడు మరియొకనిపై పగబూని యున్నాడని చెప్పదలచినచో "వాడు వీనిపై పండ్లు నూరుచున్నాడు" అందుము. కష్టమును, అవమానమును కిక్కురుమనక సహించినవానిని గూర్చి "పంటి బిగువున ఓర్చుకొన్నాడు" అందుము. మొదటి మాటలో నింద కలదు. రెండవ మాటలో మెప్పు కలదు. కాని అద్దము తెచ్చి ఆ యిరువురి మొగములకు ఎదురుగా పట్టినచో రెండు దవడలును ఒక్క తీరుననే బిగిసి యుండును. చెవి క్రింద, చెక్కిలి వెనుక ఒక కండ ఉబ్బి కదలుచుండును. పగవాడెవడో, ఓర్పుగలవాడెవడో ఆ కండను చూచి చెప్పుట కష్టము.

నేటి ప్రసంగమునకు ఈ సందేహమే విషయము. కోపమును నిగ్రహింపుమని మన పెద్దలందరును చెప్పిరి. నిగ్రహించుట యనగా పండ్ల నడుమ బిగబట్టుటయేనా, లేక వేరొకటియా? మన నాట్యాచార్యులును, ఇతిహాసకర్తలును, వైద్యులును, యోగులును దీనిని గూర్చి ఏమి చూచిరో, ఏమి చెప్పిరో నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను.

దవడను మిక్కిలి శ్రద్ధతో గమనించినవారు నాట్యాచార్యులు. భరతుని నాట్యశాస్త్రము సుమారు రెండువేల యేండ్ల నాటిదని పండితుల అంచనా. అందు ఎనిమిదవ అధ్యాయమున మొగములోని ఒక్కొక్క అవయవమునకును గల చేష్టలను విడివిడిగా లెక్కించిరి. చెక్కిళ్ళకు ఆరు, క్రింది పెదవికి ఆరు, చుబుకమునకు ఏడు. చుబుకమనగా గడ్డము. దాని చేష్టలన్నియు దంతములు, పెదవి, నాలుక అను మూడింటి కదలికవలన కలుగునవియే. అందు 'దష్టము' అనునది క్రింది పెదవిని పంట కరచుట. దానిని క్రోధమునందు ప్రయోగింపవలెనని విధి. చెక్కిళ్ళు అదరుట 'కంపితము'. అది క్రోధమునందును హర్షమునందును చెల్లును.

ఇంతకంటె నన్ను ఆకర్షించినది ఏడవ అధ్యాయములోని మాట. అచ్చట క్రోధమును ఐదు విధములుగా విభజించిరి. శత్రువుపై కలుగునది, గురుజనులపై కలుగునది, ప్రియులపై కలుగునది, సేవకులపై కలుగునది, కడపట లేని కోపమును తెచ్చిపెట్టుకొనునది. గురువనగా ఇచ్చట ఒజ్జ మాత్రమే కాదు. తండ్రి, అన్న, ఏలిక, ఎదురు చెప్పరాని ప్రతివాడును గురువే. శత్రువుపై కోపము వచ్చినవాడు కనుబొమలు ముడిచి, పెదవి కరచి, భుజములు చరచును. గురువుపై కోపము వచ్చినవాడు అట్లు చేయరాదు. వాడు మొగమును కొంచెము వంచి, కన్నుల నీరు నించి, చెమట తుడుచుకొనుచు, తన చేష్టలలోని ఉద్రేకము పైకి కానరాకుండ అణచుకొని కోపగింపవలెను. అణచుకొన్న కోపమును నటుడెట్లు చూపవలెనో అంతటి పూర్వకాలముననే నిర్ణయించినారు.

నేను ముప్పది యేండ్లకు పైగా బాలురకు చదువు చెప్పినవాడను గనుక ఆ వర్ణనలోని సత్యము నాకు తెలియును. మందలింపు పొందిన బాలుడు తలవంచి నిలుచును. కన్నుల నీరు వచ్చినచో వాడు సాయంకాలమునకు మరల ఆటలో పడును. కన్నీరు రాక దవడ కండ మాత్రము కదలుచున్న బాలుని విషయముననే నేను మెలకువతో నుండెడివాడను. వానికి ఒక్క సాయంకాలము చాలదు.

ఇక ఇతిహాసమునకు వత్తము. అణచుకొన్న కోపమునకు భారతమున భీమసేనుని మించిన ఉదాహరణము లేదు. జూదమునాటి సభలో అతని కోపము శత్రువులపైననే కాక అన్నపైనను లేచినది. ధర్మరాజు చేతులను కాల్చివేసెదను, నిప్పు తెమ్మని సహదేవునితో అన్నాడు. అర్జునుడు అడ్డుపడి వారించెను. తగులబడుచున్న చెట్టు తొర్రలనుండి వలె అతని ఇంద్రియ ద్వారముల నుండి మంటలు వెడలినవని వ్యాసుడు వర్ణించెను. అటుపిమ్మట పండ్రెండేండ్ల అరణ్యవాసము. పదుమూడవయేట విరటుని కొలువు.

విరాటపర్వము మన పల్లెలకు క్రొత్తది కాదు. వానలు కురియనప్పుడు విరాటపర్వము చదివించుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. పదుమూడవ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కడ మంత్రియైయుండిన తిక్కన సోమయాజి తన భారత రచనను ఆ పర్వముతోనే ఆరంభించెను. అందు కీచకుడు ద్రౌపదిని తరుముకొనివచ్చి, నిండుసభలో, రాజు చూచుచుండగా, కాలితో తన్నును. ఆ సభలోనే కంకుభట్టు రూపమున ధర్మరాజును, వంటవాడు వలలుని రూపమున భీముడును ఉన్నారు.

ఈ ఘట్టమున వ్యాసుని చూపు తిన్నగా భీముని నోటిపై నిలిచినది. కీచకుని చంపగోరిన భీముడు రోషముచే పండ్లతో పండ్లను నూరెనని అతడు చెప్పెను. తోడనే ధర్మరాజు ఏమి చేసెను? మాటలాడలేడు, మాటలాడినచో అజ్ఞాతవాసము భంగమగును. తన కాలి బొటనవ్రేలితో తమ్ముని బొటనవ్రేలిని అదిమిపట్టెను. ఒకని దవడ బిగువును మరియొకని కాలివ్రేలు నిలిపినది. తిక్కన ఇచ్చట మరియొక చమత్కారము చూపెను. భీముని చూపు దాపుననున్న ఒక మహావృక్షముపై పడినది. దానిని పెల్లగించి విరటుని, అతని సభను మోదవలెనని అతని తలంపు. ధర్మరాజు దానిని గ్రహించి, వంటచెరకు కావలెనన్న వేరు చెట్లు లేవా, ఫలించి కొమ్మలు చాచి పలువురకు నీడయైయున్న ఈ చెట్టు నీకేల యని వంటవానితో అన్నట్లుగా అనును. సభలోనివారికి అది కట్టెల మాట. భీమునికి అది తమకు నీడనిచ్చుచున్న విరటుని గూర్చిన మాట. ఈ పద్యము చదివినప్పుడు ముసలివారు చిరునవ్వు నవ్వుదురు. నేనును నవ్వెదను. కాని ఆ నవ్వు ముగియకముందే ద్రౌపది నేలపై నున్నదని జ్ఞప్తికి వచ్చును.

ఆమెతో ధర్మరాజు చెప్పినదేమి? సమయము తెలియక ఆటకత్తెవలె సభలో ఏడ్చుచున్నావు, లోపలికి పొమ్మనెను. అతని నొసటను చెమట పట్టినదని కవియే చెప్పెను గనుక అతనికి బాధ లేదనరాదు. అయినను తన్ను తిన్నది ఆమె. పెద్దలారా, మనము రచ్చబండపై కూర్చుండి "పోనిమ్ము, పెద్దమనసు చేసికొనుము" అని ఎందరికి చెప్పి పంపలేదు? అన్నచేత పొలము పోగొట్టుకొన్న తమ్ముడు, ఆడుబిడ్డచేత మాటలుపడిన కోడలు, కామందుచేత తిట్లుతిన్న పాలేరు తల యూపి వెడలిపోవుదురు. తగవు తీరినదని మనము అనుకొందుము. వారి దవడలను మనము చూడము.

ద్రౌపది ఈ ఓర్పును తర్కింపక అంగీకరించినది కాదు. అరణ్యపర్వమున, అనగా నన్నయ తెనిగించిన భాగముననే, ఆమె ధర్మరాజుతో వాదించినది. ప్రహ్లాదుడు తన మనుమడైన బలికి చెప్పిన నీతిని ఎత్తిచూపినది. ఎల్లప్పుడును క్రోధము మంచిది కాదు, ఎల్లప్పుడును క్షమయు మంచిది కాదు. ఎల్లవేళల క్షమించువానిని సేవకులు సైతము లెక్కచేయరు అని ఆ నీతి సారము. ధర్మరాజు క్షమను ప్రశంసించి దీర్ఘముగా ఉత్తరము చెప్పెను. అతని మాటలు గంభీరములు. కాని ఆమె ఒప్పుకొన్నట్లు వ్యాసుడు వ్రాయలేదు. ఆ వాదమును ముగింపక విడిచిన మహర్షి మన నీతిగ్రంథకర్తలలో పలువురికంటె నిజాయితీపరుడని నా అభిప్రాయము.

విరటుని సభ ముగిసిన ఆ రాత్రి యేమి జరిగెనో వినుడు. ద్రౌపది వంటశాలకు పోయి నిద్రించుచున్న భీముని లేపి తన గోడు చెప్పుకొన్నది. రాణివాసమున గంధము నూరి నూరి కాయలు కాచిన తన చేతులను చూపినది. వాచి కాయలుకట్టిన ఆ చేతులను భీముడు తన మొగమునకు తెచ్చుకొని ఏడ్చెను. పగలు సభలో పండ్లు నూరిన నోరే, ఆ దవడయే, రాత్రి ఆ చేతుల నడుమ వదలినది. మరునాటి రాత్రి కీచకుడు నర్తనశాలలో చచ్చెను. అది అందరికిని జ్ఞప్తియందుండును. ఈ యేడుపు మాత్రము పురాణము చెప్పువారు తొందరగా దాటిపోవుదురు.

కన్నీటిని గూర్చి మన వైద్యులు చెప్పినది ఇచ్చట ప్రస్తావింపదగియున్నది. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము వేగములను గూర్చినది. వేగమనగా లోపలినుండి పుట్టి వెలికి రాదలచు ఒత్తిడి. మలము, మూత్రము, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలైన పదుమూడు శరీర వేగములను బలవంతముగా ఆపరాదని చరకుడు శాసించెను. వెంటనే ఆపవలసిన వేగములను వేరుగా చెప్పెను. మనోవేగములలో లోభము, శోకము, భయము, క్రోధము, గర్వము, సిగ్గులేనితనము, ఈర్ష్య, మితిమీరిన అనురాగము, పరుల సొత్తుపై ఆశ అనునవి ఆపదగినవి.

ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. శోకము ఆపదగినది, కన్నీరు ఆపరానిది. మనస్సున పుట్టిన ఉద్రేకమును మనస్సుననే చక్కబెట్టుకొనవలెను గాని, దేహము దానిని వెలికి విడువబోవునప్పుడు గొంతు నొక్కరాదని దీని భావమని నేను గ్రహించితిని. కన్నీటిని ఆపుటవలన పడిసెము, నేత్రరోగము, హృద్రోగము, అరుచి, తల తిరుగుట కలుగునని చరకుడు చెప్పి, దానికి చికిత్సగా నిద్రను, మద్యమును, ప్రియమైన మాటలను విధించెను. మద్యమును వదలివేసినను మిగిలిన రెండు మనకు చాలును. వంటశాలలో భీమునికిని ద్రౌపదికిని దొరికినది ఆ మూడవదియే.

ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. దవడ పట్టుకొనిపోవుటను మన వైద్యులు 'హనుగ్రహ' మనిరి. హనువనగా దవడ. మాధవనిదానమున దానికి చెప్పిన కారణములు నాలుకను మితిమీరి గీచుకొనుట, ఎండిన పదార్థములను నములుట, దెబ్బ తగులుట; వీనిచే దవడ మొదట వాతము ప్రకోపించి నోరు తెరచినది తెరచినట్లో, మూసినది మూసినట్లో నిలిచిపోవునని అందున్నది. కోపము ఆ కారణములలో లేదు. నేటి దంతవైద్యులు మనోవ్యథవలన నిద్రలో పండ్లు కొరుకుట, దవడ నొప్పి, తలనొప్పి కలుగునని చెప్పుచున్నారు. అదంతయు మన ఋషులు ముందే వ్రాసిరని సభలలో చప్పట్లు కొట్టించుకొనువారు ఉన్నారు. వ్రాయనిదానిని వ్రాసిరనుట ఋషులకు గౌరవము కాదు. వ్రాసినది తక్కువయా? నోరు తెరచియే నిలిచినప్పుడు దవడకు కాపడము పెట్టి, బొటనవ్రేళ్ళతో అదిమి, చూపుడువ్రేళ్ళతో గడ్డమును పైకెత్తి సరిచేయు విధము చరకసంహిత చికిత్సాస్థానమున స్పష్టముగా నున్నది.

అణచిన కోపము ఎంతకాలము నిలుచును? స్త్రీపర్వమున దీనికి సమాధానమున్నది. యుద్ధము ముగిసినది. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న ధృతరాష్ట్రుడు భీముని కౌగిలించుకొనుటకు చేతులు చాచెను. కృష్ణుడు ముందే యెరిగి ఇనుప భీముని ముందుకు నెట్టెను. ముసలిరాజు దానిని నుగ్గుచేసెను. తన రొమ్ము నలిగి నెత్తురు కక్కెను. మరుక్షణమే కోపము దిగిపోయి, అయ్యో భీమా యని ఏడ్చెను. ఆ యేడుపు బూటకము కాదు. అంతకుముందు ఆశీర్వదింప చాచిన చేతులును బూటకములని నేననను. కోపము తనలో నున్నదని అతనికే తెలియదేమో. అణచినదానిలోని అపాయమదియే, మొదట ఇతరులకు కనబడకుండ దాచుదుము, పిదప మనకే కనబడదు.

అదే పర్వమున గాంధారి భీముని నిలదీసి, దుశ్శాసనుని నెత్తురు త్రాగితివేమని అడిగినది. అతడు చెప్పిన ఉత్తరము, ఆ నెత్తురు తన పండ్లను, పెదవులను దాటి లోనికి పోలేదని. పదుమూడేండ్లు కోపమును నిలిపిన ఆ పంటి కట్టుబాటే కడపట నెత్తురును నిలిపినది. ఆ జవాబును నమ్మవలెనా, కూడదా యని గాంధారి వాదింపలేదు.

మన దేవతలలో దవడ పేరిట వెలసిన వాడొకడు కలడు. బాల్యమున సూర్యుని పట్టబోయినప్పుడు ఇంద్రుని వజ్రము తగిలి ఎడమ హనువు విరుగుటచేత అతనికి హనుమంతుడను పేరు వచ్చినదని కిష్కింధాకాండలో జాంబవంతుడు చెప్పును. కొడుకు దవడ విరిగినదని వాయుదేవుడు కోపించి వీచుట మానెను. మూడు లోకములకును ఊపిరి నిలిచినది. దవడ, కోపము, శ్వాస అను మూడును ఒక్క కథలో చేరుట యాదృచ్ఛికమే కావచ్చును. సుందరకాండమున లంకను కాల్చిన పిదప హనుమంతుడు సముద్రతీరమున నిలిచి, సీత కూడ ఆ మంటలలో చిక్కినదేమో యని ఉలికిపడును. అప్పుడు అతడు కోపమును గూర్చి తలపోసిన మాటలు రామాయణమున మేలైనవి. మండుచున్న నిప్పును నీటితో ఆర్పినట్లు లేచిన కోపమును బుద్ధితో ఆర్పినవారు ధన్యులనియు, పాము కుబుసమును విడిచినట్లు క్షమతో కోపమును విడిచినవాడే పురుషుడనియు అతని భావము. ఈ రెండు పోలికలలో ఎచ్చటను బిగబట్టుట లేదు. నీరు నిప్పును అణచిపెట్టి దాచదు, ఆర్పును. పాము కుబుసమును మ్రింగదు, వదలిపోవును.

గీతలో భగవానుడు కామక్రోధముల వేగమను మాటనే వాడెను. దేహము విడువకముందే ఆ వేగమును సహింపగలవాడు సుఖి యనెను. మరియొకచోట కర్మేంద్రియములను బిగబట్టి మనస్సుచే విషయములను తలచుచుండువానిని మిథ్యాచారుడనెను. ఈ రెండింటిని కలిపి చదువవలెను. మొదటిదానిని మాత్రమే చదివినవాడు పండ్లు బిగించును.

బలవంతపు నిగ్రహమును పరీక్షించి చూచినవాడు గౌతమబుద్ధుడు. బోధకు ముందు తాను పండ్లపై పండ్లను నొక్కి, నాలుకను అంగిలికి అదిమి, మనస్సుతో మనస్సును అణచజూచితిననియు, చంకలనుండి చెమటలు కారినవే గాని దేహము శాంతింపలేదనియు ఆయన చెప్పినట్లు పాళీ మజ్ఝిమనికాయమున గలదు. అయినను చెడు తలపులను వదలించుకొనుటకు మిగిలిన ఉపాయములన్నియు విఫలమైనచో ఇదియొకటి కలదని ఆ సంపుటముననే మరియొకచోట కనబడును. అనగా కడపటి ఉపాయమే గాని మొదటిది కాదు. సభలో భీమునికి అదియే మిగిలినది.

మన పురాణములలోని యోగవిధి దీనికి భిన్నముగా చెప్పినది. మార్కండేయపురాణమున దత్తాత్రేయుడు అలర్కుడను రాజునకు యోగము నుపదేశించుచు ఆసనమున నెట్లు కూర్చుండవలెనో చెప్పును. తల కొంచెము ఎత్తి, నాసికాగ్రమును చూచుచు, నోరు మూసికొని, పండ్లు పండ్లకు తగులకుండ ఉండవలెనట. లింగపురాణమునను ఈ నియమమే కలదు. పెదవులు మూసియుండవలెను, పండ్లు విడిగా నుండవలెను. నేటి దంతవైద్యులును విశ్రాంతిగా నున్న నోటిలో పై పండ్లకు క్రింది పండ్లకు నడుమ 2 మొదలు 4 మిల్లీమీటర్ల యెడముండుట సహజమనియు, దవడ నొప్పిగలవారు పెదవులు కలిపి పండ్లు విడిచి ఉండుట అభ్యసింపవలెననియు చెప్పుచున్నారు. మాట మాత్రము బయటికి రాకుండ పెదవి కాపాడును. లోపల బిగువు లేదు. ఇప్పుడే, ఈ ప్రసంగము వినుచునే, మీ పండ్లు తగులుచున్నవో లేదో చూచుకొనుడు.

ఈ పురాణమును తెనిగించినవాడు తిక్కన శిష్యుడగు మారన. కాకతీయ ప్రతాపరుద్రుడు 1289 మొదలు 1323 వరకు రాజ్యమేలెను. ఆయన సేనానులలో నొకడగు నాగయ గన్ననికి మారన దానిని అంకితమిచ్చెను. యుద్ధములు చేయువాడు కోరి విన్న పురాణమది. అలర్కుని కథయు అన్నదమ్ముల తగవే. అన్నయగు సుబాహువు కాశీరాజును తోడు తెచ్చుకొని రాజ్యములో పాలు కోరుచు అలర్కుని కోటను ముట్టడించెను. బొక్కసము తరిగినది, కావలిసేన నశించినది. అప్పుడు అలర్కునికి తల్లి మదాలస ఇచ్చిన ఉంగరము జ్ఞప్తికి వచ్చినది. ఆపద వచ్చినప్పుడు విప్పి చదువుమని ఆమె చెప్పియుండెను. సంగమును విడువుము, విడువలేనిచో సత్పురుషుల సంగము చేయుమని అందున్నది. అతడు దత్తాత్రేయుని కడకు పోయి తన దుఃఖమును తీర్పుమని వేడుకొనెను. దుఃఖము ఎవనిదో, ఎచ్చటనున్నదో చూచుకొనుమని ఆయన అడిగెను. 'నేను' అను మొలకనుండి లేచి, 'నాది' అను బోదె గలిగి, ఇండ్లు పొలములు కొమ్మలుగా, ఆలుబిడ్డలు చిగుళ్ళుగా పెరిగిన చెట్టును గూర్చి చెప్పి, దానిని నరుకు గొడ్డలి విద్య యనెను. విరటుని సభలో నరుకవద్దన్న చెట్టు వేరు, ఇది వేరు. ఆ పిమ్మటనే ఆసనవిధియు, పండ్లు తగులరాదన్న నియమమును వచ్చును.

అలర్కుడు మరల కోటకు వచ్చి యుద్ధమునకు పోలేదు. ఒంటరిగా కాశీరాజు ఎదుటికి నడచి, అన్న వినుచుండగా, నవ్వుచు రాజ్యమును తీసికొమ్మనెను. కాశీరాజు వెరగుపడి, పోరాడక రాజ్యము విడుచుట క్షత్రియునకు తగునా యని అడిగెను. సుబాహువు మాత్రము లేచి తమ్ముని కౌగిలించుకొనెను. తాను రాజ్యము కోరలేదనియు, సుఖములలో మునిగి తల్లి మాట మరచిన తమ్ముని మేలుకొలుపుటకే సేనతో వచ్చితిననియు, వచ్చిన పని నెరవేరినదనియు చెప్పి, ఆ భూమిలో గుంటెడైనను అడుగక వెడలిపోయెను. కాశీరాజు తన నగరమునకు తిరిగిపోయెను. అలర్కుడు పెద్దకొడుకునకు పట్టముగట్టి అడవికి పోయెను.